పేరు తెలియని గడ్డ మీద కత్తి పెట్టే ముందు

కర్నూలు పెద్దాసుపత్రి గైనిక్ ఓపీలో అయినా, అనంతపురంలో అయినా, కడప రిమ్స్‌లో అయినా ఆడవాళ్లు యోని దగ్గర, కటి భాగంలో వచ్చే గడ్డ గురించి చెప్పే మాట దాదాపు ఒకటే: "కూర్చుంటే ఒత్తుకుంటాంది డాక్టరమ్మా." నొప్పి అనే మాట రాదు. చాలాసార్లు నిజంగానే నొప్పి ఉండదు. వేరుశనగ చేలో గొంతుక్కూర్చుని కలుపు తీస్తున్నప్పుడో, ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టి గంటల తరబడి నేస్తున్నప్పుడో కింద ఏదో అడ్డం పడినట్టు అనిపిస్తుంది. ముందు అక్కకో వదినకో చెబుతారు. "నొప్పి లేదు గదా, ఏం గాదులే" అంటారు వాళ్లు. అలా ఏడాది, రెండేళ్లు గడిచిపోతాయి. మొగ డాక్టరుకు చూపించాలంటే సిగ్గు, ఆడ డాక్టరు దొరికే రోజు కోసం ఇంకొంత ఆలస్యం.

ఇలా వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఉండేవి మామూలు సమస్యలే. యోని ద్వారం పక్కన బార్థోలిన్ గ్రంథి మూసుకుపోయి ఉబ్బిన తిత్తి, చర్మం కింద కొవ్వు గడ్డ, గజ్జల్లోంచి దిగిన హెర్నియా, జారిన గర్భసంచి. లోపలి గడ్డలైతే గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు, అండాశయంలో నీటి తిత్తులు. వీటిని గుర్తించడం ఏ ఊళ్లోనైనా డాక్టర్లకు చేతనవుతుంది. అసలు చిక్కు, సరిగ్గా ఇలాగే కనిపిస్తూ వచ్చే అరుదైన మృదుకణజాల కణితులతో.

మృదుకణజాలం అంటే కొవ్వు, కండ, నరాలు, రక్తనాళాలు, వీటన్నిటినీ కలిపి పట్టుకునే బంధన కణజాలం. ఇందులో పుట్టే కణితుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం వంద దాకా రకాలున్నాయి. వాటిలో క్యాన్సర్ స్వభావం ఉన్నవాటిని సార్కోమా అంటారు. పెద్దవాళ్లలో వచ్చే మొత్తం క్యాన్సర్లలో సార్కోమాల వాటా ఒక శాతం దగ్గర ఉంటుంది. అందులో ఆడవాళ్ల కటి భాగంలో వచ్చేవి ఇంకా తక్కువ. ఇరవై ఏళ్లు ప్రాక్టీసు చేసిన గైనకాలజిస్టు కూడా కొన్ని రకాలను జీవితంలో ఒక్కసారే చూడవచ్చు, అసలు చూడకనే పోవచ్చు. కాబట్టి మొదటి చూపులో పోల్చుకోలేకపోవడాన్ని తప్పు పట్టడం న్యాయం కాదు. పట్టాల్సిన తప్పు ఇంకొకటి ఉంది. ముందు ఫొటో (స్కానింగ్), తర్వాత ముక్క (బయాప్సీ), ఆ తర్వాత కత్తి (ఆపరేషన్) అనే వరస తారుమారు కావడం. రాయలసీమలో ఇలాంటి కేసులు చెడేది ఎక్కువగా ఇక్కడే.

ఈ వరస ఎందుకంత ముఖ్యమో చూపించడానికి ఒక్క కణితి చాలు. దాని పేరు డీప్ యాంజియోమిక్సోమా. దీన్ని అగ్రెసివ్ యాంజియోమిక్సోమా అని కూడా అంటారు. 1983లో స్టీపర్, రొసాయ్ అనే ఇద్దరు డాక్టర్లు తొమ్మిది కేసులను వివరించి దీనికి ఆ పేరు పెట్టారు. అంతకుముందు ఇది లేదని కాదు, తిత్తి అనో కొవ్వు అనో రాసేవాళ్లు. ఎక్కువగా ముప్పై, నలభై ఏళ్ల ఆడవాళ్లలో, కటి లోపల, మలద్వారానికీ యోనికీ మధ్య భాగంలో, యోని బయటి పెదవుల్లో వస్తుంది. మెత్తగా, జిగురుగా, పట్టుకుంటే జారిపోయేలా ఉంటుంది. మెల్లగా పెరుగుతుంది. వేరే అవయవాలకు పాకడం అత్యంత అరుదు, అలాంటి కేసులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే బయటపడ్డాయి. మరి "అగ్రెసివ్" అని ఎందుకన్నారంటే, దీనికి గట్టి హద్దు ఉండదు. పక్కన ఉన్న కొవ్వులోకి, కండలోకి వేళ్లు చాపినట్టు దూరుతుంది. తీసేశామనుకున్నచోట మళ్లీ మొలుస్తుంది. దాదాపు ముగ్గురిలో ఒకరికి తిరిగి వస్తుందని చెబుతారు, కొన్ని నివేదికల్లో అంతకంటే ఎక్కువే.

బయటికి కనిపించేది దీని కొస మాత్రమే. పెదవి దగ్గర నిమ్మకాయంత ఉబ్బు కనిపిస్తుంది, లోపల మూత్రాశయం పక్కనుంచి పురీషనాళం వెంబడి బొప్పాయంత ఉంటుంది. అంత పెద్దదై కూడా అది పేగునో మూత్రాశయాన్నో కొరికి లోపలికి పోదు, పక్కకు నెడుతుంది. అందుకే మూత్రం ఆగడం, మలబద్ధకం లాంటివి చాలా ఆలస్యంగా మొదలవుతాయి.

దీన్ని బార్థోలిన్ తిత్తి అనుకుని కోస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. లోకల్ మత్తు ఇచ్చి గాటు పెడతారు. చీము గానీ నీళ్లు గానీ వస్తాయని చూస్తే ఏమీ రాదు, మెరుస్తున్న జిగురు కండ కనిపిస్తుంది. అప్పుడు ఆపి, కుట్టేసి, పెద్ద చోటికి పంపితే పెద్ద నష్టమేమీ లేదు. అలా ఆపిన డాక్టరు మంచి డాక్టరు. కానీ చాలాసార్లు చేతికి అందినంత లాగి తీసి కుట్టేస్తారు. లోపలి భాగం అలాగే ఉండిపోతుంది. ఏడాదికో రెండేళ్లకో మళ్లీ ఉబ్బుతుంది. "మళ్లీ బార్థోలిన్ వచ్చింది" అని ఇంకోచోట ఇంకోసారి కోస్తారు. మూడోసారి వచ్చేసరికి ఆ ప్రాంతమంతా మచ్చలు పడి, ఏది కణితో ఏది పాత కుట్టో సర్జన్ కూడా విడదీయలేని స్థితికి వస్తుంది.

నిజానికి చేత్తో చూసేటప్పుడే కొన్ని ఆనవాళ్లు దొరుకుతాయి. బార్థోలిన్ గ్రంథికి ఒక చోటు ఉంది. యోని ద్వారాన్ని గడియారం ముఖం అనుకుంటే నాలుగు, ఎనిమిది అంకెల దగ్గర. గడ్డ ముందువైపు, క్లిటోరిస్ దగ్గర ఉంటే అది బార్థోలిన్ కాదు. రెండోది, గడ్డ పైహద్దు. వేలితో గడ్డ వెంట పైకి పోతే తిత్తికి ఒక అంచు తగులుతుంది, అక్కడ అయిపోతుంది. వేలు ఎంత దూరం పోయినా అంచు అందకపోతే ఆ గడ్డ వేరు లోపల ఎక్కడో ఉందని అర్థం. మూడోది, దగ్గమని చెప్పి చూడటం. దగ్గినప్పుడు ఉబ్బి, పడుకుంటే తగ్గేది హెర్నియా కావచ్చు, అందులో పేగు ఉండవచ్చు. చూడకుండా కోస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. నలభై దాటిన ఆమెకు మొదటిసారి "బార్థోలిన్ గడ్డ" వచ్చిందంటే ముక్క పరీక్ష లేకుండా వదలకూడదు. ఆ వయసులో ఆ గ్రంథిలో క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది కాబట్టి డాక్టర్లు ఈ నియమం పెట్టుకున్నారు. ఎక్కడి గడ్డ అయినా ఐదు సెంటీమీటర్లు దాటినా, లోతుగా ఉన్నా, పెరుగుతున్నా దాన్ని ముందు స్కానింగ్‌లో చూడాల్సిందే.

మన ఊళ్లలో స్కానింగ్ అంటే అల్ట్రాసౌండ్. తాలూకా సెంటర్లలో కూడా దొరుకుతుంది, ఖర్చు తక్కువ, రేడియేషన్ లేదు. తిత్తిలో నీళ్లున్నాయా, గట్టి పదార్థం ఉందా అనేది చాలావరకు చెప్పేస్తుంది. యాంజియోమిక్సోమా దగ్గరే అది మోసపోతుంది. ఆ కణితిలో కణాలు తక్కువ, జిగురు నీరు ఎక్కువ. అల్ట్రాసౌండ్ తెర మీద అది నల్లగా, నీటి తిత్తిలాగే కనిపించవచ్చు. "సిస్ట్" అని రిపోర్టు వచ్చేస్తుంది. ఆ ఒక్క మాట చూసి తర్వాతి డాక్టరు, ఆ తర్వాతి డాక్టరు అదే రాస్తారు. రిపోర్టులో పడిన మొదటి పేరు వదలడం ఎంత కష్టమో ఫైళ్లు చూసేవాళ్లకు తెలుసు.

ఎం.ఆర్.ఐ. తీస్తే కథ మారిపోతుంది. నీటిని తెల్లగా చూపించే టీ2 బొమ్మల్లో యాంజియోమిక్సోమా తెల్లగా మెరుస్తుంది, ఆ తెలుపులో సుడులు తిరిగినట్టు, పొరలు పొరలుగా నల్లటి చారలు కనిపిస్తాయి. రంగు మందు ఎక్కించి తీసినా ఆ చారలే మళ్లీ తేలతాయి. నీటి తిత్తిలో ఇలాంటి సుడులు ఉండవు. అనుభవమున్న రేడియాలజిస్టు ఈ ఒక్క బొమ్మతోనే పేరు ఊహించగలడు. అంతకంటే ముఖ్యమైన మాట ఒకటి ఎం.ఆర్.ఐ. అన్నిటికంటే బాగా చెబుతుంది. కటి అడుగున ఊయలలాగా పరుచుకున్న కండ ఉంటుంది. గడ్డ ఆ కండకు పైన ఉందా, కింద ఉందా, రెండువైపులా ఉందా? కిందే ఉంటే బయటినుంచి తీయవచ్చు. రెండువైపులా ఉంటే పొట్టవైపునుంచి, కిందినుంచి రెండు దారుల్లో సర్జన్లు పనిచేయాలి, మూత్రనాళాలు చూసే యూరాలజిస్టు, పేగు సర్జన్ కూడా పక్కన ఉండాలి. ఇది ఆపరేషన్ టేబుల్ మీద తెలిసే విషయం కాకూడదు. ఎం.ఆర్.ఐ.కి డబ్బు ఎక్కువవుతుందని మానేస్తారు, రెండో ఆపరేషన్ ఖర్చు దానికి ఎన్నో రెట్లు.

ఆ తర్వాత ముక్క. సీమలో దీనికి పెద్ద అడ్డంకి ఒక నమ్మకం. సూది పడితే గడ్డ లేస్తుంది, ఇనుము తగిలితే క్యాన్సర్ పాకుతుంది అంటారు. చదువుకున్న ఇళ్లలో కూడా ఈ భయం ఉంది. దీని వెనక ఉన్న కారణం తేలికే. ఆలస్యంగా వచ్చి, ముక్క తీసేనాటికే ముదిరిపోయిన రోగి తర్వాత కొద్ది నెలలకే చనిపోతే, చూసినవాళ్లకు సూదే కారణంగా కనిపిస్తుంది. ఈ భయాన్ని కొట్టిపారేయడం కంటే విడమరిచి చెప్పడం మేలు. స్కానింగ్‌లో చూస్తూ లావు సూదితో సన్నని కడ్డీల్లాంటి ముక్కలు తీసే పద్ధతిని కోర్ బయాప్సీ అంటారు. సరిగ్గా చేస్తే సూది దారిలో కణాలు పాకడం చాలా అరుదు. ఆ కొద్దిపాటి ప్రమాదం కూడా లేకుండా ఉండేందుకే సూది గుచ్చే చోటును ఆపరేషన్ చేయబోయే సర్జనే నిర్ణయించాలి. తర్వాత గడ్డతోపాటు ఆ దారిని కూడా కోసి తీసేయవచ్చు. అంటే, సూది ఎక్కడ పడాలో తెలియకుండా గుచ్చడం తప్పు, అసలు గుచ్చకుండా కోయడం ఇంకా పెద్ద తప్పు.

సూది వద్దనే సందర్భాలు కూడా ఉన్నాయి. అండాశయ క్యాన్సర్ అని అనుమానం ఉండి, గడ్డ అండాశయంలోనే ఉన్నప్పుడు సూదితో గుచ్చరు. తిత్తి పగిలితే లోపలి ద్రవం పొట్టంతా పడుతుంది. త్రికాస్థికీ (వెన్ను అడుగు ఎముక) పురీషనాళానికీ మధ్య పెరిగే గడ్డలను మలద్వారం గుండా గుచ్చకూడదు. అక్కడ పుట్టుకతో వచ్చిన తిత్తులు ఉంటాయి, సూదితో చీము పట్టించినట్టవుతుంది. ఇక సన్న సూదితో కణాలు లాగే ఎఫ్.ఎన్.ఏ.సీ. ఈ రకం గడ్డల్లో పెద్దగా అక్కరకు రాదు. జిగురు వస్తుంది, నాలుగు కణాలు వస్తాయి, "క్యాన్సర్ కణాలు లేవు" అని రిపోర్టు వస్తుంది. ఆ కాగితం చూసి ఇంటికి పోయినవాళ్లు ఎందరో.

ముక్క తీశాక అది ల్యాబ్‌కు ఎలా చేరుతుందన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఈ కథలో చేతులారా పాడుచేసుకునేది ఎక్కువగా ఇదే. చిన్న నర్సింగ్‌హోముల్లో ఆపరేషన్ అవ్వగానే తీసిన గడ్డను సీసాలో వేసి పేషెంటు తరఫు మనిషి చేతికిస్తారు. "ల్యాబ్‌లో ఇచ్చి రండి" అంటారు. ఆ సీసాలో ఏముంది అన్నదే ప్రశ్న. ఉండాల్సింది పది శాతం ఫార్మలిన్. ముక్క ఎంత ఉంటే దానికి పదింతలు మందు ఉండాలి. ఫార్మలిన్ కణాల్లోని ప్రొటీన్లను ఉన్నవి ఉన్నట్టు బిగించి, కుళ్లకుండా ఆపుతుంది. సెలైన్‌లో వేస్తే ముక్క లోపల్లోపలే కరిగిపోవడం మొదలవుతుంది. స్పిరిట్‌లో వేస్తే ఎండి గట్టిపడి ముడుచుకుపోతుంది. గాజు గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుపోయినా అంతే.

మందు సరైనదే అయినా సీసా మూతి చిన్నదైతే ఇంకో తంటా. మెత్తగా ఉన్నప్పుడు నొక్కి తోస్తే లోపలికి పోతుంది, ఫార్మలిన్‌లో గట్టిపడ్డాక బయటికి రాదు. సీసా పగలగొట్టి, నలిగిన ముక్కను ల్యాబ్‌వాళ్లు తీసుకోవాల్సి వస్తుంది. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున లోపలికి ఇంకుతుంది. కొబ్బరికాయంత గడ్డను కోయకుండా అలాగే ముంచి రెండు రోజులు ఉంచితే, అంచులు బాగుంటాయి, నడిమధ్య కుళ్లిపోతుంది. కాబట్టి పెద్ద గడ్డను ల్యాబ్ అందుబాటులో ఉంటే వెంటనే పంపాలి, లేకపోతే ముక్కను పరీక్షించే డాక్టరు పెథాలజిస్టును అడిగి అడ్డంగా గాటు పెట్టి ముంచాలి. సీసా మీద పేరు, వయసు, ఏ వైపు గడ్డ, తేదీ రాయాలి. వెంట పోయే కాగితంలో "గడ్డ" అని ఒక్క మాట రాసి పంపితే పెథాలజిస్టు కళ్లకు గంతలు కట్టినట్టే. ఎంత లోతులో ఉంది, ఎంత సైజు, ఇదివరకు కోశారా, గర్భిణా, ఎం.ఆర్.ఐ.లో ఏం కనిపించింది అనే ఐదారు మాటలు రోగ నిర్ధారణనే మార్చేస్తాయి.

మైక్రోస్కోపు కింద ఏం జరుగుతుందో కూడా తెలుసుకోవాలి. ముక్కను మైనంలో పోతపోసి దిమ్మ చేస్తారు, దాన్నే బ్లాక్ అంటారు. దాన్నుంచి వెంట్రుక కంటే ఎంతో పలచని, మూడు నాలుగు మైక్రాన్ల పొరలు కోసి గాజు పలక మీద పరిచి రంగు వేస్తారు. కణం లోపలి కేంద్రకం ఊదారంగులో, మిగతాది గులాబీ రంగులో కనిపిస్తుంది. యాంజియోమిక్సోమాలో చూస్తే లేత గులాబీ ఖాళీ మైదానంలో అక్కడక్కడ సన్నని కణాలు, మధ్యలో మందపాటి గోడలున్న రక్తనాళాలు. భయపెట్టే లక్షణాలేవీ ఉండవు. చిన్న ముక్క అయితే "వాచిన మామూలు కణజాలం" అని రాసే అవకాశం ఎంతో ఉంది. అలా రాసిన పెథాలజిస్టు అబద్ధం రాయలేదు, తన దగ్గరికి వచ్చిన ముక్కలో ఉన్నదే రాశారు. అయితే ఎం.ఆర్.ఐ.లో పన్నెండు సెంటీమీటర్ల గడ్డ ఉండి, ముక్కలో వాపు తప్ప ఏమీ లేదంటే ఆ రెండూ పొసగడం లేదన్నమాట. అలాంటప్పుడు మళ్లీ ముక్క తీయించాలి. పొసగని రిపోర్టును పట్టుకుని ధైర్యంగా ఉండటం కంటే అపాయకరమైనది ఇంకోటి లేదు.

దీనికి దగ్గరి పోలికలున్న కణితులు మరికొన్ని ఉన్నాయి. 1992లో యాంజియోమయోఫైబ్రోబ్లాస్టోమా అనే దాన్ని దీన్నుంచి వేరు చేశారు. అదీ అదే చోట వస్తుంది, అదీ మెత్తగానే ఉంటుంది. దానికి చక్కటి హద్దు ఉంటుంది, సాధారణంగా ఐదు సెంటీమీటర్ల లోపే ఉంటుంది, ఒకసారి తీస్తే మళ్లీ రావడం బహు అరుదు. 1997లో సెల్యులర్ యాంజియోఫైబ్రోమాను వేరు చేశారు. అదీ హద్దున్నదే, చిన్న ఆపరేషన్‌తో పోయేదే. అక్కాచెల్లెళ్లలా ఉండే ఈ మూడింటిలో ఒకదానికి ఏళ్ల తరబడి కాపలా కాయాలి, మిగతా రెండింటికి అక్కర్లేదు. పేరు తప్పితే ఒకామెకు అవసరం లేని భయం, ఇంకొకామెకు అవసరమైన జాగ్రత్త లేకుండాపోవడం.

వీటిని విడదీయడానికి ఇమ్యునో పరీక్షలు చేస్తారు. కణంలో ఫలానా ప్రొటీన్ ఉంటే దానికి మాత్రమే అతుక్కునే మందు వేస్తే, ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. హెచ్.ఎం.జీ.ఏ.2 అనే ప్రొటీన్ రంగు తేలితే డీప్ యాంజియోమిక్సోమా వైపు మొగ్గు. ఆ కణితుల్లో కొన్నింటిలో 12వ క్రోమోజోమ్ మీద ఆ జన్యువు దగ్గర తెగి అతుక్కున్న మార్పు ఉంటుంది. ఎస్.టీ.ఏ.టీ.6 రంగు కేంద్రకంలో గట్టిగా తేలితే సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ అనే మరో రకం కణితి. దాని వెనకున్న జన్యు కలయిక 2013లో బయటపడింది, అప్పటినుంచి ఆ రోగ నిర్ధారణ చాలా తేలికైంది. డెస్మిన్ లాంటి ప్రొటీన్లు ఒకటికంటే ఎక్కువ రకాల్లో తేలతాయి కాబట్టి ఏ ఒక్క రంగునూ నమ్ముకుని పేరు పెట్టరు.

ఒక పరీక్షలో మాత్రం రంగు తేలకపోవడమే ఆనవాలు. ఎపిథెలియాయిడ్ సార్కోమా అనే చెడ్డ క్యాన్సర్ ఒకటి బయటి జననాంగాల దగ్గర, మలద్వారానికీ యోనికీ మధ్య భాగంలో, తొడ మొదట్లో వస్తుంది. పైకి అదీ మామూలు గడ్డలాగే మొదలవుతుంది. అందులో ఐ.ఎన్.ఐ.1 అనే ప్రొటీన్ మాయమవుతుంది. రంగు వేస్తే చుట్టూ ఉన్న రక్తనాళాల కణాలు గోధుమరంగులో నిలబడతాయి, కణితి కణాలు ఆ రంగు పట్టక తెల్లగా ఉంటాయి. ఆ తేడాయే రోగం పేరుకు గట్టి ఆనవాలు. ఇప్పుడు సీసా దగ్గరికి వెనక్కి పోదాం. ముక్క సెలైన్‌లో పడి పాడైపోయి ఉంటే రక్తనాళాలు కూడా రంగు పట్టవు. అంతా తెల్లగా ఉంటుంది. ఆ తెలుపు క్యాన్సర్ వల్ల వచ్చిందో, సీసాలో తప్పు మందు పోసినందువల్ల వచ్చిందో ఎంత పెద్ద పెథాలజిస్టు కూడా చెప్పలేడు.

గర్భసంచి విషయం కొంచెం వేరు, కానీ ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని వదిలిపెట్టి ఈ మాటలు పూర్తి కావు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉంటే, మన రాష్ట్రంలో సుమారు 9 శాతం ఉన్నారు. వాళ్లలో ఎందరికి నిజంగా తీయాల్సిన అవసరం ఉందన్నది వేరే చర్చ, జరగాల్సిన చర్చ. ఇక్కడ అడగాల్సింది ఒకటే: తీసిన గర్భసంచిని ముక్క పరీక్షకు పంపారా? "ఫైబ్రాయిడ్ అన్నారు, తీసేశారు, పారేశారు" అనే మాట పల్లెల్లో ఇంకా వినిపిస్తుంది. ఫైబ్రాయిడ్లు దాదాపు అన్నీ అపాయం లేనివే. కానీ లియోమయోసార్కోమా అనే క్యాన్సర్ స్కానింగ్‌లో అచ్చం ఫైబ్రాయిడ్‌లాగే ఉండగలదు. నెలసరి ఆగిపోయాక కూడా పెరిగే "ఫైబ్రాయిడ్" విషయంలో ముందే అనుమానపడాలి.

కెమెరా ఆపరేషన్‌లో గర్భసంచినో ఫైబ్రాయిడ్‌నో పొట్టలోపలే యంత్రంతో తురిమి చిన్న రంధ్రంలోంచి తీసే పద్ధతి ఉంది. లోపల ఎవరికీ తెలియని సార్కోమా ఉంటే ఆ తురుము పొట్టంతా చల్లినట్టవుతుంది. ఫైబ్రాయిడ్ అని ఆపరేషన్ చేయించుకునే 350 మందిలో ఒకరికి ఇలా కనిపించని సార్కోమా ఉండవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2014లో లెక్కగట్టి హెచ్చరించింది. ఆ లెక్క మీద వాదోపవాదాలు జరిగాయి, వయసును బట్టి అది మారుతుంది. అయినా ఆపరేషన్‌కు ముందు "లోపలే ముక్కలు చేస్తారా, సంచిలో పెట్టి తీస్తారా" అని అడగడం ప్రతి ఆడమనిషి హక్కు.

సిజేరియన్ మచ్చ దగ్గర గడ్డలతో ఇంకో తికమక. ఎక్కువసార్లు అది గర్భసంచి లోపొర కణాలు మచ్చలో నాటుకుని పెరిగినది. నెలసరి రోజుల్లో నొప్పి, ఉబ్బు ఎక్కువై తర్వాత తగ్గితే దాన్నే ముందు అనుమానించాలి. నెలసరితో సంబంధం లేకుండా రాయిలా గట్టిగా పెరుగుతుంటే డెస్మాయిడ్ అనే బంధన కణజాల కణితి కావచ్చు. దానికి ఇప్పుడు చాలాచోట్ల వెంటనే కత్తి పెట్టరు, కొన్ని నెలలు చూస్తారు, కొన్ని వాటంతట అవే తగ్గుతాయి. ఇక్కడా పేరు తెలిస్తేనే చూస్తూ ఉండే ధైర్యం వస్తుంది. ఇక చిన్నపిల్లలు. ఐదేళ్ల లోపు ఆడపిల్లకు యోనినుంచి రక్తం కనిపించినా, ద్రాక్షగుత్తిలా మెత్తని కండ బయటికి వచ్చినా ఒక్కరోజు కూడా ఆగకూడదు. అది బాట్రియాయిడ్ రాబ్డోమయోసార్కోమా కావచ్చు. మందులకు బాగా లొంగే క్యాన్సర్ అది, తొందరగా పట్టుకుంటే చాలామంది పిల్లలు బతుకుతారు.

సీమ జిల్లాలకు భూగోళం పెట్టిన చిక్కు ఒకటుంది. కర్నూలువాళ్ల చూపు హైదరాబాద్ వైపు, అనంతపురంవాళ్లది బెంగళూరు వైపు, కడపవాళ్లది తిరుపతి, వేలూరు వైపు. మొదటి ఆపరేషన్ ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో, స్కానింగ్ ఇంకోచోట, ముక్క పరీక్ష మూడోచోట, చివరికి బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికో హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికో పోయేసరికి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నలిగిన రెండు కాగితాలు. అక్కడి డాక్టరు మొదట అడిగేది రిపోర్టు కాదు, "బ్లాక్ తెచ్చారా?" అని. ఆ మైనం దిమ్మ ఏళ్ల తరబడి చెడదు. దాన్నుంచి ఎన్నిసార్లైనా కొత్త పొరలు కోసి, ఇక్కడ లేని ఇమ్యునో పరీక్షలు, జన్యు పరీక్షలు అక్కడ చేయవచ్చు. ఆమెను మళ్లీ గుచ్చే పని ఉండదు. చాలా కేసుల్లో మనిషి బస్సెక్కకముందే బ్లాక్ ఒక్కటి ప్రయాణం చేసినా సరిపోతుంది. బ్లాక్, స్లైడ్లు అడిగి తీసుకోవచ్చని ఎక్కువమందికి తెలియదు. ల్యాబ్‌లో సంతకం పెట్టి, నంబరు రాయించుకుని తీసుకోవాలి. ఎం.ఆర్.ఐ. ఫిల్ముతోపాటు సీడీ కూడా అడగాలి. ఫిల్ములో కొన్ని బొమ్మలే ఉంటాయి, సీడీలో అన్నీ ఉంటాయి.

అరుదైన కణితిని ఒక్కరు తేల్చలేరన్నది పెద్ద సెంటర్లవాళ్లే ఒప్పుకునే మాట. గైనకాలజిస్టు, రేడియాలజిస్టు, పెథాలజిస్టు, క్యాన్సర్ సర్జన్ ఒకే బల్ల దగ్గర కూర్చుని అవే బొమ్మలు, అవే స్లైడ్లు చూసి మాట్లాడుకోవడాన్ని ట్యూమర్ బోర్డు అంటారు. కర్నూలు, అనంతపురం, కడప లాంటి మెడికల్ కాలేజీ ఉన్న ఊళ్లలో వారానికో గంట వాళ్లు కలిసి కూర్చుంటే బార్థోలిన్ అని కోయబోయే ఒక గడ్డ అయినా టేబుల్ ఎక్కకుండా ఆగుతుంది.

డీప్ యాంజియోమిక్సోమా అని ముందే తెలిస్తే వైద్యం కూడా మారుతుంది. ఆ కణితి కణాలకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను అందుకునే గ్రాహకాలు ఉంటాయి. కడుపుతో ఉన్నప్పుడు కొందరిలో వేగంగా పెరగడానికి కారణం అదేనంటారు. అండాశయాల హార్మోన్లను అణిచే జి.ఎన్.ఆర్.హెచ్. ఇంజెక్షన్లతో కొందరిలో గడ్డ కుంచించుకుపోయింది. ఇదివరకు మొత్తం తీసేయాలన్న పంతంతో మూత్రాశయం, పురీషనాళం దాకా కోసేవాళ్లు. ఇప్పుడు పాకే గుణం దాదాపు లేని కణితి కోసం ఆమె మూత్రం, మలం పట్టుకునే శక్తిని బలిపెట్టక్కర్లేదని, కొంచెం మిగిలినా ఇంజెక్షన్‌తో, కాపలాతో నెట్టుకురావచ్చని చాలామంది డాక్టర్లు అంటున్నారు. ముప్పై ఐదేళ్ల మనిషికి ఇది చాలా పెద్ద తేడా.

కాపలా మాత్రం తప్పదు. తిరిగి వచ్చేవి ఎక్కువగా మొదటి ఐదేళ్లలో వస్తాయి, పదేళ్లు దాటాక వచ్చినవీ ఉన్నాయి. చేత్తో చూస్తే తెలియదు, ఎం.ఆర్.ఐ.లోనే తెలుస్తుంది. అందుకే డిశ్చార్జి కాగితంలో రోగం పేరు పూర్తిగా, స్పష్టంగా రాయించుకోవాలి, బ్లాక్ నంబరు దాని కిందే రాయించుకోవాలి. ఎనిమిదేళ్ల తర్వాత కూర్చున్నప్పుడు మళ్లీ ఏదో ఒత్తుకుంటున్నట్టు అనిపించి, ఆనాటి డాక్టరు లేని ఊళ్లో, కొత్త డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆమె చేతిలో ఆ కాగితం ఉండాలి.